ప్రాక్టీస్ షీటు గారూ, √4 సంగతేమిటి?

శ్రీయుత గణితం ప్రాక్టీస్ షీటు గారికి (వాస్తవ సంఖ్యలు, బహుపదుల విభాగం),

నమస్కారం. తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. ఏటా కొత్త అట్ట, లోపల అవే లెక్కలు. ఇంతకన్నా ఆరోగ్యం ఎవరికుంటుంది? తమరిని పిల్లలకు పంచేదీ నేనే, వాళ్లు నింపుకొచ్చాక కూర్చుని దిద్దేదీ నేనే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ముందుగా, మైదానం చుట్టూ తిరిగే ఆ ఇద్దరికీ దయచేసి విశ్రాంతి ఇప్పించండి. ఒకరికి చుట్టుకు 18 నిమిషాలు, ఇంకొకరికి 12. బయల్దేరిన చోట మళ్లీ ఎప్పుడు కలుస్తారని తమరు అడుగుతారు, 36 నిమిషాలకని పిల్లలు రాస్తారు. కలిసినా ఒక మాటా మంతీ లేదు, మళ్లీ పరుగే. అటు 616 మంది సైనికులు 32 మంది బ్యాండు వెనక 8 వరసల్లో నడుస్తూనే ఉన్నారు. గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కోసం ఇంత కవాతు చేసిన సైన్యం చరిత్రలో ఇంకోటి ఉండదు.

గ.సా.భా.ని క.సా.గు.తో (కనిష్ఠ సామాన్య గుణిజంతో) గుణిస్తే ఆ రెండు సంఖ్యల లబ్ధం వస్తుందని అదే పనిగా చేయిస్తారు కదా, మూడు సంఖ్యలు ఇచ్చి ఒక్కసారైనా చేయించారా? 6, 72, 120 తీసుకోండి. గ.సా.భా. 6, క.సా.గు. 360, గుణిస్తే 2160. మూడింటి లబ్ధమేమో 51840. సూత్రం పనిచేసే చోటికే పిల్లల్ని తీసుకెళ్లి, చెడే చోటు రాగానే తలుపేసేయడం తమరికి బాగా అలవాటైపోయింది. నా గొడవంతా దాని గురించే.

ఉదాహరణకు √2. రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగితే అకరణీయ సంఖ్య, రాయలేకపోతే కరణీయ సంఖ్య. ‘రూట్ టూ కరణీయ సంఖ్య అని నిరూపించండి’ అని తమరు అనడమే ఆలస్యం, పిల్లలు అందుకుంటారు. రూట్ టూ అకరణీయ సంఖ్య అనుకుందాం. అది పి బై క్యూ, పి, క్యూలు పరస్పర ప్రధానాంకాలు, అంటే 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి. ఇరువైపులా వర్గం చేయగా పి² = 2క్యూ². పి²ని 2 భాగిస్తుంది, కాబట్టి పిని కూడా 2 భాగిస్తుంది. అలాగే క్యూని కూడా. ఇది మన భావనకు విరుద్ధం. నిద్రలో లేపి అడిగినా తడుముకోరు. తర్వాత తమరు √3 అడుగుతారు, వాళ్లు 2 ఉన్న చోటల్లా 3 పెడతారు. √5కి 5, √7కి 7. ఆ పైన 3 + 2√5 అడిగి, అబ్బో, పిల్లల బుర్రకు పదును పెట్టేశామని మురిసిపోతారు.

ఒకరోజు ఉండబట్టలేక, తమరి అనుమతి లేకుండానే బోర్డు మీద √4 వేసి, కరణీయ సంఖ్య అని నిరూపించమన్నాను. వంచిన తల ఎత్తకుండా క్లాసంతా రాసేసింది. పి² = 4క్యూ². పి²ని 4 భాగిస్తుంది, కాబట్టి పిని కూడా 4 భాగిస్తుంది. పి = 4కె అనుకుంటే క్యూ² = 4కె². కాబట్టి క్యూని కూడా 4 భాగిస్తుంది. విరుద్ధం. ‘కావున √4 కరణీయ సంఖ్య’ అని రాసి, స్కేలు పెట్టి కింద గీత కూడా కొట్టారు. √4 అంటే 2 అని వాళ్లకు తెలియక కాదు. ‘నిరూపించండి’ అని అడిగారంటే అది నిజమే అయ్యుంటుందన్న నమ్మకం. ఆ నమ్మకం తమరు పెట్టిన భిక్షే.

తిరకాసంతా ఒక్క లైనులో ఉంది. పి²ని 4 భాగిస్తే పిని కూడా భాగించి తీరాలా? 36ని 4 భాగిస్తుంది, 6ని భాగించదు. ప్రధాన సంఖ్య అయితే మాత్రం ఆ లైనుకు ఢోకా లేదు. మీ నిరూపణలో బరువంతా మోసేది ఆ ఒక్క మాటే, పిల్లలు ఊపిరి పీల్చుకోకుండా దాటేసేదీ దాన్నే. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, ‘మరి 6 ప్రధాన సంఖ్య కాదు కదా సార్, √6 ఎలా కరణీయం అయింది?’ అంది. ఇక ఆ పీరియడ్ దానికే సరి. పి²ని 6 భాగిస్తే 2 కూడా భాగిస్తుంది, 3 కూడా భాగిస్తుంది. ఇద్దరూ ప్రధాన సంఖ్యలే కాబట్టి విడివిడిగా పిని కూడా భాగిస్తారు, అంటే 6 కూడా భాగిస్తుంది. 4లో ఉన్నవి రెండూ ఒకే 2 కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఆ రోజు తమరి పేజీలో ఒక్క లెక్క కూడా ముందుకు కదల్లేదు. అందుకు క్షమాపణ చెప్పాలనిపించడం లేదు.

పై (π) విషయంలోనూ తమరి మాట నిలకడగా ఉండదు. ఒకటో పేజీలో అది కరణీయ సంఖ్య, దశాంశాలు అంతం కావు, ఆవర్తనం కావు అంటారు. వృత్తం రాగానే ‘పై విలువ 22/7గా తీసుకోండి’ అంటారు. 22/7 అంటే 3.142857 అని ఆ ఆరంకెలూ మళ్లీ మళ్లీ తిరిగేది, శుద్ధ అకరణీయ సంఖ్య. మూడో దశాంశ స్థానంలోనే దారి తప్పుతుంది. పిల్లాడు ‘పై అకరణీయ సంఖ్యే’ అని టిక్కు పెడితే సున్నా వేయమని తమరి జవాబుల పట్టిక, పెట్టించింది మాత్రం తమరే. ఆర్యభటుడు 499లోనే 3.1416కు సమానమైన విలువ ఇచ్చి, ఇది దగ్గరి విలువేనని అక్కడే చెప్పాడు. ఆ ఒక్క ముక్క కలపడానికి తమరికి చోటు చాల్లేదు.

బహుపదుల పేజీలో అయితే అంతా సర్వమంగళం. ఏ వర్గ బహుపది ఇచ్చినా మధ్య పదం బుద్ధిగా విడిపోతుంది. ఎక్స్² + 5ఎక్స్ + 6 ఇస్తే, కలిపితే 5, గుణిస్తే 6 అయ్యే 2, 3. ఎక్స్² + 5ఎక్స్ + 4 ఇస్తే 1, 4. చివర ఉన్న ఆ స్థిర పదాన్ని 1 నుంచి 10 దాకా మార్చి ఎప్పుడైనా చూశారా? పదింటిలో మధ్య పదం విడిపోయేవి తమరు చూపించే ఆ రెండే. 1, 2, 3, 5 పెడితే శూన్యాలు, అంటే బహుపదిని సున్నా చేసే ఎక్స్ విలువలు, కరణీయ సంఖ్యలు. 7 నుంచి 10 దాకా పెడితే గ్రాఫు ఎక్స్ అక్షాన్ని తాకనే తాకదు, వాస్తవ శూన్యాలే లేవు. ఎనిమిదింటిని ఇంటికి పంపేసి, మాట వినే రెండింటితోనే తమరు సంసారం చేస్తున్నారన్నమాట. అందుకే విడిపోని బహుపది ఎదురైతే పిల్లలు ‘ప్రింటింగ్ మిస్టేక్ సార్’ అంటారు.

‘శూన్యాల మొత్తం 4, లబ్ధం 1. వర్గ బహుపది కనుక్కోండి’ అని ఇంకో లెక్క ఉంది. ఎక్స్² – 4ఎక్స్ + 1 అని రాస్తే మార్కు పడుతుంది, కథ ముగుస్తుంది. కలిపితే 4, గుణిస్తే 1 అయ్యే ఆ ఇద్దరూ ఎవరని మాత్రం తమరు అడగరు. వాళ్లు 2 + √3, 2 – √3. మొన్నటిదాకా కరణీయమని నిరూపించి నిరూపించి విసిగిపోయిన ఆ √3 ఇక్కడ కూర్చుని ఉందని తెలిస్తే పిల్లలకు ఎంత సరదాగా ఉంటుంది! అసలు √2 అంటేనే ఎక్స్² – 2కి శూన్యం. ఈ రెండు పాఠాలూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటున్నాయి, తమరు మాత్రం పలకరింపులు కూడా లేకుండా చేశారు.

ఒక్కచోట మాత్రం తమరికి దండం పెట్టాలి. 6/15 దశాంశ రూపం అంతమవుతుందా అని అడుగుతారే, అది మంచి లెక్క. హారంలో 3 కనపడగానే సగం మంది ‘అంతం కాదు’ అని రాసేస్తారు. ముందు 2/5గా సూక్ష్మీకరించాలని గుర్తొచ్చినవాడే గట్టెక్కుతాడు. సూత్రం తెలిసీ బోల్తా పడే లెక్క తమరి దగ్గర ఇదొక్కటే. ఇలాంటివి ఇంకో నాలుగు పడేస్తే తమరి సొమ్మేం పోతుంది?

తోచకపోతే ఒకటి నేనే ఇస్తాను. √2కి దగ్గరి విలువ కోసం, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం బౌధాయన శుల్బసూత్రంలో ఒక నియమం ఉంది: ఒకటికి దానిలో మూడో వంతు కలపండి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపండి, ఈ చివరి దానిలో 34వ వంతు తీసేయండి. 577/408 వస్తుంది. ఇప్పుడు పిల్లల చేత 577ని వర్గం చేయించండి, 332929. 408ని వర్గం చేసి రెట్టింపు చేయించండి, 332928. తేడా అక్షరాలా ఒక్కటి. ఈ రెండు సంఖ్యల స్థానంలో ఇంకా పెద్ద సంఖ్యలు పెట్టుకుంటూ పోతే ఆ ఒక్కటి ఎప్పటికైనా సున్నా అవుతుందా, ఎందుకో చెప్పండి అని అడగండి. రాసుకోవడానికి కింద ఒక పేజీ ఖాళీగా వదలండి. ఎ, బి, సి, డిలు మాత్రం పెట్టొద్దు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు