ఒకే అంకె, రెండు రకాల బడులు: టెక్సాస్ హైస్కూలు ఫుట్‌బాల్ లెక్కలో ఏం జారిపోతోంది

టెక్సాస్‌లో రెండేళ్లకొకసారి, ఫిబ్రవరి మొదటి రోజుల్లో ఒక ఉదయం, హైస్కూలు ఫుట్‌బాల్ కోచ్‌లు తమ తమ ప్రాంతాల విద్యా సేవా కేంద్రాల్లో గుమిగూడతారు. ఆ రోజు వెలువడే జాబితాలో తమ బడి పేరు ఏ శ్రేణిలో, ఏ జిల్లాలో (అంటే సీజన్‌లో ఒకరితో ఒకరు తప్పక ఆడాల్సిన బడుల గుంపులో) ఉందో చూసుకున్న మరునిమిషం నుంచే ఫోన్లు మోగడం మొదలవుతుంది. జిల్లా పోటీలు పోగా మిగిలిన శుక్రవారాలకు ప్రత్యర్థులను వెతుక్కోవడం, ఖాళీ తేదీలు కుదుర్చుకోవడం అక్కడికక్కడే జరిగిపోతుంటాయి. రాబోయే రెండు సీజన్లలో ఎవరు ఎవరితో తలపడాలో, పిల్లల బస్సు ఎన్ని మైళ్లు పోవాలో, ఏ ఊరి కుర్రాళ్లు రాష్ట్ర టైటిల్ మీద ఆశ పెట్టుకోవచ్చో ఆ జాబితాయే తేలుస్తుంది. దానికి మూలాధారం మాత్రం ఒక్కటే: అంతకుముందు అక్టోబర్‌లో, నిర్ణయించిన రోజున, ఆ బడిలో ఎంతమంది విద్యార్థులు ఉన్నారన్న లెక్క.

ఈ విభజన చేసేది ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచే యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్, పొట్టిగా యూఐఎల్. 1910లో వక్తృత్వ పోటీల కోసం పుట్టిన సంస్థ ఇది. ఇప్పటికీ డిబేట్, సంగీతం, గణితం మొదలుకొని ఆటల దాకా ప్రభుత్వ బడుల పోటీలన్నీ దాని చేతి మీదుగానే నడుస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఆ పేరు మొదటిసారి వినేది ఫుట్‌బాల్ వల్ల కాదు, పిల్లల డిబేట్ పోటీల వల్లో బ్యాండ్ పోటీల వల్లో. 2014 నుంచి బడులను 1ఎ నుంచి 6ఎ వరకు ఆరు శ్రేణులుగా విడదీస్తున్నారు. 2024 నుంచి 2026 వరకు వర్తించిన విభజనలో 2,275 మంది, అంతకు మించి విద్యార్థులున్న బడులు 6ఎ లోకి వచ్చాయి. 1,315 నుంచి 2,274 వరకు ఉన్నవి 5ఎ లోకి వెళ్లాయి. 105 మంది కూడా లేని బడులు అట్టడుగున 1ఎ లో నిలిచాయి.

తలలు లెక్కపెట్టి జట్లను విడదీయడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ ఆట స్వభావంలోనే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైదానంలో ఒక్కో జట్టుకు 11 మందే కనిపించినా, దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు, బంతిని తన్నే సందర్భాల్లో దిగే దళం వేరు. నాలుగు వేల మంది ఉన్న బడి ఈ మూడింటికీ వేర్వేరు కుర్రాళ్లను దించి, గాయపడినవాడి స్థానంలో మరొకణ్ని, అలసినవాడి స్థానంలో ఇంకొకణ్ని పంపగలదు. రెండు వందల మంది ఉన్న బడిలో సగం మంది అమ్మాయిలు అనుకుంటే మిగిలేది నూరుమంది అబ్బాయిలు. వాళ్లూ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా నాలుగు తరగతుల్లో పంచుకుపోయి ఉంటారు. అందులోంచి పాతిక ముప్ఫై మంది జట్టుకు వస్తే అదే గొప్ప. ఆ పాతికమందిలో గట్టివాళ్లు ఆట మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా రెండు వైపులా ఆడాల్సిందే. పద్నాలుగేళ్ల పిల్లవాడు, అలసిపోయి, తనకంటే ముప్ఫై కిలోలు బరువున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఎదురు నిలబడడం ఓటమి గెలుపులకు మించిన విషయం. శ్రేణులు మొదట కాపాడేది ఆ పిల్లవాడి మెడనూ మోకాలినీ. విభజనను తప్పుపట్టేవాళ్లు కూడా ముందు ఈ మాట ఒప్పుకుని తీరాలి.

ఈ పద్ధతి చేసిన అసలైన మేలు చూడాలంటే అట్టడుగు శ్రేణికే వెళ్లాలి. 1ఎ బడులు 11 మందితో కాక ఆరుగురితో ఆడతాయి. మహామాంద్యం రోజుల్లో, 1934లో, నెబ్రాస్కాలోని హెబ్రాన్ అనే చిన్న ఊళ్లో స్టీఫెన్ ఎప్లర్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించాడు. 11 మందిని కూడగట్టలేని బడుల పిల్లలకూ ఫుట్‌బాల్ దక్కాలన్నదే ఆయన ఉద్దేశం. మైదానం నూరు గజాలకు బదులు 80 గజాలు, వెడల్పు 40 గజాలు. బంతి చేజారకుండా మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కాలంటే పది గజాలు కాదు, పదిహేను గజాలు ముందుకు పోవాలి. ఆరుగురిలో ఎవరైనా పాస్ అందుకోవచ్చు. విరామ సమయానికి గానీ ఆ తర్వాత ఎప్పుడైనా గానీ తేడా 45 పాయింట్లకు చేరితే ఆట అక్కడితో ముగుస్తుంది. పశ్చిమ టెక్సాస్‌లో పత్తి చేలు, చమురు బావుల నడుమ ఉన్న ఊళ్లలో శుక్రవారం సాయంత్రాలు ఈ ఆరుగురి చుట్టూనే తిరుగుతాయి. ప్రేక్షకులు కొందరు ట్రక్కులను మైదానం అంచుదాకా తెచ్చి నిలిపి, అందులోంచే ఆట చూస్తారు. విరామంలో ఒక కుర్రాడు హెల్మెట్ గట్టు మీద పెట్టి, భుజాల కవచం విప్పకుండానే ట్రంపెట్ అందుకుని బ్యాండ్ వరసలో నిలబడతాడు, ఎందుకంటే అతను వెళ్లకపోతే ఆ బ్యాండులో ట్రంపెట్ మోగించేవాడు లేడు. తలల లెక్క ఈ బడులకు చిన్నతనం అంటగట్టలేదు. తమ కొలతకు తగ్గ ఆటను, తమదైన రాష్ట్ర టైటిల్‌ను ఇచ్చింది. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా న్యాయమైన భాగం ఇదే.

పైకి వెళ్లేకొద్దీ లెక్క తడబడడం మొదలవుతుంది. 6ఎ కు కింది హద్దు ఉంది గానీ పై హద్దు లేదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న అలెన్ నగరంలో ఒకే ఒక్క హైస్కూలు. విద్యార్థులు ఆరు వేల పైచిలుకు. అంటే 6ఎ గడప మీద నిలబడ్డ బడికి రెండున్నర రెట్ల కంటే ఎక్కువ. ఆ ఊరు 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టుకుంది. కాంక్రీటులో పగుళ్లు కనిపించడంతో 2014లో దాన్ని మూసివేసి, బాగుచేసి మరుసటి ఏడాది తిరిగి తెరిచారు. 2012, 2013, 2014 సంవత్సరాల్లో వరసగా మూడు రాష్ట్ర టైటిళ్లు ఆ బడికే వచ్చాయి. ఈ తేడాను కొంత సర్దడానికి 6ఎ లో ఒక ఏర్పాటు ఉంది. ప్రతి జిల్లా నుంచి ప్లేఆఫ్‌లకు చేరిన నాలుగు జట్లలో పెద్ద బడులు రెండింటిని డివిజన్ 1కి, చిన్నవి రెండింటిని డివిజన్ 2కి పంపుతారు. సీజన్ మొత్తం మాత్రం అందరినీ ఒకే గాటన కట్టి ఆడిస్తారు.

అలెన్‌కు పొరుగునే ఉన్న ఫ్రిస్కో సరిగ్గా ఎదురుదారి పట్టింది. ఊరు పెరిగేకొద్దీ ఉన్న బడిని పెంచుకుంటూ పోకుండా కొత్త బడులు కట్టుకుంటూ పోయి, ఇప్పుడు అక్కడి విద్యా మండలి కింద 12 హైస్కూళ్లు నడుస్తున్నాయి. ఒక్కో బడిలో విద్యార్థులు సుమారు రెండు వేలు దాటకుండా చూసుకోవడం వెనుక ఆలోచన, ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక జట్టులోనో, బ్యాండులోనో, నాటకంలోనో చోటు దొరకాలన్నది. ఫలితంగా ఫ్రిస్కో జట్లు చాలాకాలంగా 5ఎ లోనే ఎక్కువగా కనిపిస్తున్నాయి. రెండూ ఒకే తరహా ఊళ్లు, ఇంచుమించు ఒకే రకం సంపాదన ఉన్న కుటుంబాలు, ఒకే రకం ఇళ్లు. అయినా ఒకటి రాష్ట్రంలోకెల్లా పెద్ద బడుల్లో ఒకటిగా, రెండోది డజను మధ్యతరహా బడులుగా లెక్కలోకి వస్తున్నాయంటే, విద్యార్థుల సంఖ్య అనేది ఊరి బలాన్ని బట్టి దానంతటదే వచ్చే కొలత కాదని, పాలకమండలి సమావేశంలో చేయెత్తి తీసుకున్న నిర్ణయమని తేలుతోంది. ఇంకో సంగతి మన కళ్లెదుటే ఉంది. ఫ్రిస్కో, కాపెల్, ప్లేనో బడుల్లో తెలుగు పిల్లల సంఖ్య ఎంత పెరిగిందో అక్కడ చుట్టాలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆ పిల్లల్లో టెన్నిస్ రాకెట్టో, వయొలినో పట్టేవాళ్లు చాలామంది. ఫుట్‌బాల్ హెల్మెట్ పెట్టుకునేవాళ్లు తక్కువ. అక్టోబర్ లెక్కలో మాత్రం అందరూ సమానమే. ఒహాయో రాష్ట్రం ఫుట్‌బాల్‌కు అబ్బాయిలను మాత్రమే లెక్కిస్తుంది. టెక్సాస్ ఆ మాత్రం వడపోత కూడా పెట్టుకోలేదు.

అయితే వీటిని నేను పెద్ద లోపాలుగా చూడను. అసలు లోపం ఎక్కడుందో 2013 అక్టోబర్‌లో జరిగిన ఒక ఆట చూపించింది. ఫోర్ట్ వర్త్ నగరానికి పడమర శివారున ఉన్న అలీడో బడి, నగరంలోని వెస్టర్న్ హిల్స్ బడిని 91-0 తేడాతో ఓడించింది. రెండూ అప్పట్లో ఒకే శ్రేణి, ఒకే జిల్లా. అలీడో కోచ్ తన ముఖ్యమైన ఆటగాళ్లను త్వరగానే బయటకు పిలిచి, వెనుక వరస పిల్లలను దించినా స్కోరు ఆగలేదు. ఓడిన జట్టులోని ఒక పిల్లవాడి తండ్రి, ఇది మా పిల్లలను వేధించడమేనంటూ గెలిచిన బడి మీద ఫిర్యాదు చేస్తే దేశమంతా ఆ వార్త పాకిపోయింది. విచారణ జరిపి, వేధింపు ఏదీ లేదని తేల్చారు. ఆ తీర్పు సరైనదే. కోచ్ చేయగలిగింది చేశాడు. కానీ ఆ తండ్రి తప్పు చోట వేలు చూపించాడే తప్ప, అతని బాధ అబద్ధం కాదు. ఒకే కొలతలో పడ్డ రెండు బడుల మధ్య 91 పాయింట్ల అగాధం ఉందంటే కొలతనే అనుమానించాలి.

ఆ రెండు బడుల మధ్య తేడా తలల్లో లేదు, ఇళ్లలో ఉంది. అలీడో చుట్టూ ఉన్నవి నిలదొక్కుకున్న కుటుంబాలు. 2023 నాటికి ఆ బడి రాష్ట్ర రికార్డుగా 12 టైటిళ్లు గెలుచుకుంది, అవన్నీ అత్యున్నత శ్రేణికి దిగువన సాధించినవే. అలాంటి ఊళ్లో పిల్లవాడు ఏడో తరగతి నుంచే అదే కోచ్‌ల పద్ధతిలో ఆడుతూ పెరుగుతాడు, వేసవిలో శిక్షణ శిబిరానికి వెళ్తాడు, ఆట అయ్యాక అతని కోసం కారు ఎదురుచూస్తుంటుంది. నగరంలోని పేద బడిలో అదే వయసు పిల్లవాడు సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో పనికి పోవాలి, లేదంటే తల్లి పని నుంచి వచ్చేదాకా చెల్లిని చూసుకోవాలి. అద్దె కట్టలేక ఇల్లు మారితే బడీ మారిపోతుంది. అక్టోబర్‌లో లెక్కించిన తల, నవంబర్‌కు ఆ బడిలోనే ఉంటుందన్న నమ్మకం లేదు. ఇద్దరినీ ఒక్కొక్కరుగా లెక్కవేసి, సమానంగా తూచామనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇతర రాష్ట్రాలు దీనికి రకరకాల మందులు వాడాయి. ఇలినాయ్ 2005 నుంచి, నిర్ణీత పరిధి లేకుండా ఎక్కడి పిల్లలనైనా చేర్చుకునే బడుల విద్యార్థుల సంఖ్యను 1.65తో గుణించి లెక్కిస్తోంది. ఇండియానా 2012 నుంచి విజయాలకు మార్కులు వేస్తోంది. రాష్ట్ర టోర్నీ దశల్లో మొదటిదైన సెక్షనల్ గెలిస్తే ఒకటి, ఆ పై దశ రీజినల్‌కు రెండు, దాని పై సెమీస్టేట్‌కు మూడు, రాష్ట్ర టైటిల్‌కు నాలుగు. రెండేళ్లలో ఆరు మార్కులు చేరితే జట్టు పై శ్రేణికి పోవాలి. వినడానికి బాగున్నా హైస్కూలు ఆటకు ఇది అతకదు. గెలిచిన కుర్రాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు, పై శ్రేణి దెబ్బలు కాసేది వాళ్ల తర్వాత వచ్చిన తమ్ముళ్లు. దక్షిణ కాలిఫోర్నియాలో ప్లేఆఫ్ విభాగాలకు సంఖ్యనే పక్కనపెట్టి, ఆటతీరును కంప్యూటర్‌తో తూచి జట్లను విడదీస్తున్నారు. పోటీలు బిగువుగానే ఉంటాయి గానీ, సీజన్ మొదట్లో ఓడిన జట్టుకు దిగువ విభాగంలో టైటిల్ దారి తెరుచుకోవడం అన్న చిక్కు వెంటబడుతుంది. విద్యార్థుల సంఖ్యకు ఉన్న గొప్ప గుణం అదే. ఏ కోచ్ అయినా ఓడిపోయి దాన్ని తగ్గించుకోలేడు. అందుకే దాన్ని తీసేయమని నేను అనను, దిద్దమంటాను.

దిద్దే దారి మిన్నెసోటా చూపించింది. అక్కడ బడి మొత్తం సంఖ్యలోంచి, ఉచితంగా లేదా తగ్గింపు ధరకు మధ్యాహ్న భోజనం పొందేందుకు అర్హులైన విద్యార్థుల సంఖ్యలో 40 శాతాన్ని తీసివేసి, మిగిలినదాన్ని శ్రేణికి లెక్కిస్తారు. ఇందులో గెలిచినవాణ్ని శిక్షించడం లేదు, ప్రైవేటు బడిని దోషిని చేయడం లేదు. ఆకలి ఉన్న చోట జట్టుకు వచ్చే పిల్లలు తగ్గుతారన్న నిజాన్ని అంకెలోకి ఎక్కించడం మాత్రమే ఉంది. దీనికి ఎదురుగా వినిపించే బలమైన వాదన హ్యూస్టన్ శివారులోని నార్త్ షోర్ బడి. అక్కడ పేద కుటుంబాల పిల్లలే ఎక్కువ, అయినా 2018, 2019, 2021 సంవత్సరాల్లో 6ఎ డివిజన్ 1 టైటిళ్లు గెలిచింది. నిజమే, కానీ అది నాలుగు వేల పైచిలుకు విద్యార్థులున్న బడి. పేదరికం కొందరిని దూరం చేసినా మిగిలినవాళ్లతోనే రెండు మంచి జట్లు తయారవుతాయి. వెయ్యి, పదిహేను వందల మంది ఉన్న బడికి ఆ వెసులుబాటు లేదు. రెండో అభ్యంతరం లెక్కకు సంబంధించినది. చాలా పేద బడుల్లో ఇప్పుడు అందరికీ ఉచితంగానే భోజనం పెడుతున్నారు కాబట్టి దరఖాస్తులు నింపేవారు తగ్గారు, అర్హుల సంఖ్య తేల్చడం కష్టమంటారు. ఆహార సహాయ పథకాల్లో ఉన్న కుటుంబాల వివరాలను నేరుగా సరిపోల్చే విధానం ఎప్పటినుంచో అమల్లో ఉంది. పైగా ఆర్థికంగా వెనుకబడిన విద్యార్థుల లెక్కను టెక్సాస్ విద్యాశాఖ నిధుల పంపిణీ కోసం ఏటా సేకరిస్తూనే ఉంది. కొత్తగా ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఆ సూత్రాన్ని టెక్సాస్ హద్దులకు ఒక్కసారి అన్వయించి చూద్దాం. పక్కపక్కనే ఉన్న రెండు బడుల్లో చెరో 1,500 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఇప్పటి లెక్కలో రెండూ 5ఎ. ఒకదానిలో నూటికి పదిమంది భోజన రాయితీకి అర్హులైతే 150 మందిలో 40 శాతం, అంటే 60 తీసేయగా 1,440 మిగిలి అది 5ఎ లోనే ఉంటుంది. రెండోదానిలో నూటికి ఎనభై మంది అర్హులైతే 1,200లో 40 శాతం, అంటే 480 పోయి 1,020 మిగులుతుంది, ఆ బడి 4ఎ లోకి దిగుతుంది. అన్ని బడుల అంకెలూ తగ్గుతాయి కాబట్టి హద్దులను కూడా కొంత కిందికి జరపాల్సి వస్తుంది. జరిపినా ఆ రెండింటి మధ్య 420 మంది తేడా అలాగే నిలుస్తుంది. అక్టోబర్‌లో బడులు యూఐఎల్‌కు పంపే పత్రంలో ఇప్పుడు ఒక్క అంకె రాస్తే సరిపోతుంది. దాని పక్కన రెండో అంకెకు ఒక గడి గీయడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు, యూఐఎల్‌లో ఓటున్న సూపరింటెండెంట్ల (విద్యా మండళ్ల అధిపతుల) సమ్మతి, దానికి రాష్ట్ర విద్యా కమిషనర్ ఆమోదం చాలు.