సవరణ: చికాగో వేసవి ఉద్యోగాల లెక్క

విశాఖలో కుర్రాళ్ల కొట్లాటల గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో, చికాగోలో పేద పిల్లలకు వేసవి ఉద్యోగాలిస్తే "నేరాలు 43 శాతం తగ్గాయి" అని రాశాను. అది తప్పు. తగ్గింది హింసాత్మక నేరాల అరెస్టులు మాత్రమే. దొంగతనాల్లాంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో 1,634 మందిని లాటరీ పద్ధతిలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు, ఇవ్వనివాళ్లు అని విడదీసి 16 నెలలపాటు చూశారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. "పనిలో పడితే గొడవకు తీరికుండదు" అన్నాను. కానీ ఆ ఉద్యోగం 8 వారాలే, అరెస్టులు ఎక్కువగా తగ్గింది అది అయిపోయాకే! అంటే వాళ్లకు దొరికింది కాలక్షేపం కాదు. పని చెప్పే పెద్దవాళ్లు, కోపం ఆపుకునే అలవాటు కూడా దొరికాయని నా నమ్మకం.

కంచరపాలెంలో మా వీధి కుర్రాడొకడికి మాటకంటే ముందు చెయ్యి లేచేది. ఇప్పుడు ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్లో కస్టమర్ తిడుతుంటే స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టుకుని, "సరేనండి, సాయంత్రానికల్లా వస్తాను" అన్నాడు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.