‘ఈ కాస్తే కదా’ అంటూనే...

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డున వెళ్లేవారు తెన్నేటి పార్కు దగ్గర బండి వేగం తగ్గిస్తారు. ఒక పక్క కైలాసగిరి, మరో పక్క కింద రాళ్ల మీద విరిగిపడే అలలు. అదే దారిలో ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందాయి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. మరి ఆ దిబ్బల మీద బైకుల టైర్ల జాడలు ఎందుకున్నాయి? వాగుల్లో నీళ్ల సీసాలెందుకు పోగుపడుతున్నాయి?

అక్కడి మట్టిని చేత్తో తాకి చూడండి. గోరు తగిలితే చాలు, గోడ రాలుతుంది. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసుక అది. రేణువు రేణువుకూ ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. వాన నీరు కోసుకుంటూ పోయి ఆ లోతైన వాగులను చెక్కింది. ఎగువన నేల చదును చేస్తే ఆ నీరు దారి మారుతుంది, కింద గోడలు కూలుతాయి. దిబ్బను ముట్టుకోకుండానే దిబ్బను చంపొచ్చన్నమాట.

దిబ్బల చుట్టుపక్కల కట్టడాలు కోరేవారు పర్యాటకం పెరిగితే ఉపాధి వస్తుందంటున్నారు, అక్కడి భూములకు పట్టాలున్న వారికి హక్కులుంటాయంటున్నారు. నిజమే. కానీ మా భయం వేరు. ప్రతిసారీ ‘ఈ కాస్తే కదా’ అనే మొదలవుతోంది. రుషికొండలో 2021లో ప్రభుత్వమే పాత రిసార్టు తీసేసి కొత్తది కడతామంది. కొండనే తొలిచేశారు. వివాదం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా భవనాలు లేచాయి. కొండ మాత్రం తిరిగి రాలేదు. కంచే చేను మేసిన ఆ ఉదంతం చూశాక తవ్వడానికి ఎవరు భయపడతారు? 2024 జులైలో దిబ్బల ఒడిలోకే యంత్రాలు దిగాయి. ఫొటోలు బయటికొచ్చి గొడవైతే తప్ప పని ఆగలేదు. అప్పుడు ఆపించారు సరే, అసలు యంత్రం అక్కడిదాకా ఎలా వెళ్లింది? రేపు ఇంకొకరు రుషికొండను చూపించి ‘వాళ్లకు లేని అడ్డు మాకెందుకు’ అంటే అధికారుల దగ్గర జవాబుందా?

సందర్శకులనూ వదలలేం. పెళ్లి ఫొటోల కోసం ఎవరూ వెళ్లని వాగులోకి దిగి, గోడ మీద పేర్లు చెక్కి, పిల్లల ముందే చెత్త పారేసి వస్తున్నారు. వీళ్లదీ అదే మాట: మేమొక్కళ్లమే కదా!

దిబ్బలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో సర్వే నంబర్లతో సహా పటం ప్రజల ముందు పెట్టండి. హద్దురాళ్లు నాటండి. చుట్టూ ఎంత మేర తవ్వకూడదో రాసి అతికించండి, ప్రభుత్వ శాఖలకూ అదే గీత వర్తిస్తుందని అందులోనే చేర్చండి. యునెస్కో బృందం వచ్చే రోజు రంగులు వేయించి, దండలు పట్టుకు నిలబడే అధికారులు ఈ పని ఇప్పుడే ఎందుకు చేయరు?