మామిడి మొద్దు పెద్దది, మిల్లు చిన్నది

2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ముసలి తోట తీసేసి వేరే పంట పెడదామని చిత్తూరు రైతు అనుకుంటే ఆశ్చర్యం లేదు. కొట్టిన చెట్టు ఎక్కువగా వంటచెరకు లెక్కనే పోతుంది. చైన్‌సాకు (మోటారు గొలుసు రంపానికి) బిగించి మొద్దును పలకలుగా కోసే మిల్లు ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తుంటే, తోటలోనే పలకలు కోసుకుందామనిపించడం సహజం.

అయితే ఫ్రేమ్ కంటే ముందు చూడాల్సింది మొద్దు లావు. ముసలి మామిడి మొదలు రెండడుగుల అడ్డకొలత దాటడం మామూలే. చవక రకం 58 సీసీ రంపాలకు సాధారణంగా 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పట్టీ) వస్తుంది. అందులో నాలుగైదు అంగుళాలు ఫ్రేమ్ బిగింపుకే పోతాయి. మిగిలిన 17, 18 అంగుళాలతో 24 అంగుళాల మొద్దు కోయాలంటే పక్కలు చెక్కేయాలి. మంచి ధర పలికే వెడల్పు పలక అక్కడే పోతుంది.

పెద్ద బార్ వేస్తే సరిపోదా అంటే, ఇంజిన్ లాగదు. అడ్డకోత క్షణాల్లో అయిపోతుంది. నిలువు కోతలో రంపం నిమిషాల తరబడి ఫుల్ యాక్సిలరేటర్ మీద నడవాలి. గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్‌ను మన మే నెల ఎండలో అలా నడిపితే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. రెండడుగుల మొద్దుకు 90 సీసీ తరగతి రంపం ఉండాలి. స్టిల్ ఎంఎస్ 661, హస్క్‌వర్నా 395 ఎక్స్‌పీ అలాంటివి. ఖర్చంతా అక్కడే. నిలువు కోత చైన్ కూడా వేరే: పళ్లను 10 డిగ్రీల కోణంలో సానబెడతారు, మామూలు చైన్‌కు అది 30 డిగ్రీల దాకా ఉంటుంది.

తరుగు సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. చైన్ ఒక్కో కోతకు 8, 9 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. సామిల్లు బ్యాండ్ రంపానికి పోయేది రెండు మూడే. అంగుళం పలకలు కోస్తే మొద్దులో దాదాపు నాలుగో వంతు నేలపాలు. రెండంగుళాల పలకలైతే ఆ నష్టం బాగా తగ్గుతుంది. గుమ్మాలకూ, కిటికీలకూ చెక్క కావాలంటే దుంగల్ని ట్రాక్టర్‌లో సామిల్లుకు తోలడమే నయం. ట్రాలీ కెక్కని చింత, వేప మొద్దుల నుంచి టేబుల్ పలకలు తీయాలంటే మాత్రం ఈ మిల్లుకు సాటి లేదు.

మామిడికి ఇంకో తంటా ఉంది. కొట్టాక నెలల తరబడి పడేస్తే నల్లబారి పుచ్చుతుంది. వెంటనే కోసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించి, మధ్య మధ్య సన్న పుల్లలు పెట్టి నీడన ఆరబెట్టాలి.

చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో ముందే కనుక్కోవాలి. సొంత కోత మిషన్‌కు లైసెన్సు కావాలా అన్నది కొనకముందే అటవీ రేంజ్ ఆఫీసులో అడగడం మంచిది. ఎర్రచందనం పెరిగే శేషాచలం అంచు మండలాల్లో పెద్ద రంపంతో తిరిగితే ఎవరు ఎలా చూస్తారో చెప్పక్కర్లేదు కదా.

ఇంత లెక్క చూశాక, ఒక్క తోట తీసేసే రైతుకు ఈ పెట్టుబడి గిట్టుబాటు కాదనే నా అభిప్రాయం. ఊరూరా తిరిగి చెట్లు కొట్టే మేస్త్రీ కొంటే ఏడాదంతా పని దొరుకుతుంది. రైతు ఆయనతో పలకకింత అని ముందే బేరం మాట్లాడుకోవచ్చు.