ఐసీయూ వదిలి ఎటు పోవాలి సిస్టర్?

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు హాస్పిటల్ ఐసీయూలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. మొన్న పండక్కి ఊరొచ్చినప్పుడు వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి నిలబడింది. వెంటిలేటర్ అలారం అనుకుందట. అందరం నవ్వాం, తనూ నవ్వింది. రాత్రి డాబా మీద మాత్రం మెల్లిగా అడిగింది: "అక్కా, టెన్షన్ లేని డిపార్ట్‌మెంట్ ఏదన్నా ఉంటే చెప్పవా?"

నేనూ వార్డుల్లో తిరిగినదాన్నే, కాబట్టి ఓపీ, డయాలసిస్, కంటి ఆసుపత్రి, స్కూల్ నర్సు అంటూ అందరూ చెప్పే లిస్టు నాకూ నోటికొచ్చు. కానీ ఆ లిస్టు మీద నాకు నమ్మకం లేదు. టెన్షన్ డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఉండదు, ఆ షిఫ్ట్‌లో ఎంతమంది ఉన్నారు, పిలిస్తే ఎవరొస్తారు అన్నదాంట్లో ఉంటుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలి. జనరల్ వార్డులో అయితే ఐదుగురికి ఒకరు, మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉండే టీచింగ్ హాస్పిటల్లో ముగ్గురికి ఒకరు. మా చెల్లి రాత్రిపూట రెండు వెంటిలేటర్లు, ఆపరేషన్ అయి వచ్చిన ఒక పేషెంట్‌ని ఒక్కతే చూసుకుంటుంది, మధ్యలో చార్టులు రాయాలి, బయట తలుపు దగ్గర నిలబడ్డ పేషెంట్ వాళ్లకు సమాధానం చెప్పాలి. రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా పరిశోధకుడు 1979లోనే అన్నాడు, పని ఎక్కువైనంత మాత్రాన మనిషి నలిగిపోడని, పని ఎక్కువై దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే వీలు చేతిలో లేకపోతేనే నలిగిపోతాడని. బీపీ పడిపోతోందని కళ్ల ముందు కనిపిస్తూ, డ్యూటీ డాక్టర్ ఫోన్ ఎత్తక, ఆర్డర్ లేకుండా మందు పెంచలేక నిలబడ్డ ఏ సిస్టర్‌కైనా ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

డయాలసిస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడికే వెళ్లాలనుకుంటారు. మంచి పనే. సెషన్ నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు అవే ముఖాలు. వచ్చీ రాగానే ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో కలిపిన రక్తనాళం మీద, చెయ్యి పెడితే పిల్లి గురకలాంటి అదురు తగలాలి, అది తగిలాకే సూది. మూడో గంటలో ఒకాయన "సిస్టరమ్మా, కాలు పట్టేసింది" అంటాడు, ఇంకొకాయనకు చెమటలు పట్టి బీపీ పడిపోతుంది, కాళ్లు పైకెత్తి, మెషిన్ ఒంట్లోంచి నీళ్లు లాగడం ఆపి, సెలైన్ ఎక్కించాలి. ఇవన్నీ ఊహించగలిగినవే, చేయాల్సిందేంటో చేతికి తెలుసు, ఆ మాటకొస్తే అదే అక్కడి సుఖం. కష్టం వేరే చోట ఉంది. నాలుగేళ్లుగా మనవరాలి పెళ్లి కబుర్లు చెప్పిన మనిషి ఒక మంగళవారం రాడు, ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచేది మనమే.

ఓపీలో నైట్ డ్యూటీ ఉండదు, కాకపోతే టోకెన్ గొడవలన్నీ మన నెత్తిమీదే. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో నర్సులు చేసే సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులదీ అంతే: రాత్రి నిద్ర దక్కుతుంది, పగలంతా యాప్‌లో ఎంట్రీలు, జీతంలో కొంత ఇన్సెంటివ్ రూపంలో ఆ లెక్కలకే ముడిపడి ఉంటుంది.

ఇక ఎవరూ పైకి చెప్పనిది డబ్బు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు హాస్పిటల్లోనైనా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదంది. చిన్న ఊళ్లలో ఇప్పటికీ అంతకన్నా తక్కువకే చేస్తున్నవాళ్లు నాకు తెలుసు. ప్రశాంతంగా ఉంటాయనుకునే చిన్న సెంటర్లు చాలావరకు ఇలాంటివే. గల్ఫ్ ఏజెంటేమో ముందు ఐసీయూ అనుభవం ఎన్నేళ్లని అడుగుతాడు. అందుకే కుక్కర్‌కి ఉలిక్కిపడుతూ కూడా అమ్మాయిలు ఐసీయూ వదలరు, వాళ్లని తప్పుపట్టలేం.

నేను మాత్రం మా చెల్లికి డిపార్ట్‌మెంట్ పేరేమీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు మూడు అడగమన్నాను: షిఫ్ట్‌కి ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు, రాత్రి రెండింటికి పిలిస్తే వచ్చే డాక్టర్ బిల్డింగ్‌లోనే ఉంటాడా, రిలీవర్, అంటే తర్వాతి షిఫ్ట్ నర్సు, రాకపోతే డబుల్ డ్యూటీ ఎవరు చేస్తారు. మొదటి చోట "అవన్నీ చేరాక తెలుస్తాయమ్మా" అన్నారట. రెండోచోట ఇన్‌ఛార్జ్ సిస్టరే బయటికొచ్చి డ్యూటీ చార్ట్ చూపించింది, డయాలసిస్ యూనిట్, జీతం రెండున్నర వేలు తక్కువ. వచ్చే ఒకటో తారీఖు నుంచి చేరుతోంది. తగ్గిన రెండున్నర వేల సంగతి పిన్నికి ఇంకా చెప్పలేదు.