కింద పడలేదు, ఊరే మారింది

2023-24 సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ దేశంలో అగ్ర ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 22 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి గెలిచింది. జీతాల బకాయిలతో పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకుందామంటే నిషేధం. ఉన్న కుర్రాళ్లతోనే సీజన్ నెట్టుకొచ్చి 12 జట్లలో ఆఖరున నిలిచారు. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో అయితే మరుసటి ఏడాది రెండో డివిజన్‌లో ఆడాల్సిందే. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. అదే సీజన్‌లో, ఒక మెట్టు కింద ఉన్న ఐ-లీగ్‌లో, అదే హైదరాబాద్‌కు చెందిన శ్రీనిధి దక్కన్ వరుసగా రెండోసారి రెండో స్థానంలో నిలిచింది. దానికీ ఏమీ జరగలేదు.

ఆ చలికాలంలోనే ఇదే ఊళ్లో ఇంకో ఆటలో ఇంకో కథ నడిచింది. అంతకుముందు సీజన్‌లో ఘోరంగా ఆడి పై అంచె ఎలీట్ నుంచి కింది అంచె ప్లేట్‌కు పడిపోయిన హైదరాబాద్ రంజీ జట్టు, తిలక్ వర్మ కెప్టెన్సీలో ప్లేట్ టైటిల్ గెలిచి మళ్లీ ఎలీట్‌లోకి వచ్చింది. పడిపోయినప్పుడు పరువు పోయిందన్నారు, నిజమే. కానీ జట్టు ఎక్కడికీ పోలేదు. ఒక్క ఏడాదిలో దారి వెతుక్కుంది. ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని మూసిన లీగ్‌ను సమర్థించేవాళ్లు తరచూ ఐపీఎల్‌ను చూపిస్తుంటారు. దాని కింద రంజీ ఉందని, ఆ రంజీలో ఎక్కడం దిగడం రెండూ ఉన్నాయని మాత్రం చెప్పరు.

ఐఎస్‌ఎల్ 2014లో మొదలైనప్పుడు చెప్పిన కారణం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కోట్లు పెట్టే యజమానికి ఒక్క చెడ్డ సీజన్‌తో అంతా పోతుందన్న భయం ఉంటే అకాడమీ కట్టడు, కోచ్‌కు టైమ్ ఇవ్వడు, అసలు రాడు. అందుకే ఫ్రాంచైజీ ఫీజు తీసుకుని స్థానానికి గ్యారంటీ ఇచ్చారు. అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ నడిచేదీ ఈ లెక్క మీదే. అక్కడ శాన్ డియాగో ఎఫ్‌సీ ప్రవేశానికే 50 కోట్ల డాలర్లు కట్టింది. కిందికి పంపుతారంటే ఆ డబ్బు ఎవరు కడతారు?

అయితే ఈ గ్యారంటీ ఎవరికి దక్కిందో చూడాలి. ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణె సిటీ జట్టు మూతపడితే ఆ ఖాళీలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం, ఆ తర్వాత అట్టడుగు. చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసినంత సులువుగా మూడు నగరాలు జట్లను పోగొట్టుకున్నాయి. ఎవరూ కిందికి పడలేదు కదా అంటే, అవును, పడలేదు. లైసెన్స్ పదిలంగా ఉంది. గచ్చిబౌలి స్టేడియానికి వచ్చి అరిచిన కుర్రాడికి మాత్రం ఆ లీగ్‌లో అభిమానించడానికి సొంతూరి జట్టు లేదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పుట్టిన ఊరిది ఈ గతి.

ఊరు మార్చే జబ్బు తెరిచిన లీగుల్లోనూ ఉంది. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్ 2003లో మిల్టన్ కీన్స్‌కు వెళ్లిపోయింది. తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. ఆ తరలింపుకు అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని తొమ్మిదో అంచెలో ఆడడం మొదలుపెట్టారు. 2011కల్లా నాలుగో అంచెకు, అంటే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. తర్వాత తమను వదిలి వెళ్లిన క్లబ్‌తోనే ఒకే డివిజన్‌లో తలపడ్డారు. మెట్లున్న చోట ఎవరి అనుమతీ అడగకుండా ఇలా తిరిగి రావచ్చు. ఐఎస్‌ఎల్ మొదటి తొమ్మిది సీజన్లలో అసలు ఆ మెట్లే లేవు.

దీనికి మిజోరం జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీ కంటే మంచి సాక్ష్యం దొరకదు. 2015-16లో, అప్పటికి అగ్ర లీగ్‌గా ఉన్న ఐ-లీగ్ నుంచి కిందికి దిగాల్సిన జట్టు అది. ఐఎస్‌ఎల్‌ను పై అంచె చేసే ప్రణాళికకు నిరసనగా గోవా క్లబ్బులు తప్పుకోవడంతో దానికి మళ్లీ చోటు దొరికింది. మరుసటి సీజన్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లను దాటేసి 2017లో భారత ఛాంపియన్ అయింది! ఐఎస్‌ఎల్ తలుపు మాత్రం తీయలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది 2019 అక్టోబరులో. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో ఒక రోడ్‌మ్యాప్ కుదిరింది. దాని ప్రకారం 2022-23, 2023-24 ఐ-లీగ్ విజేతలు ఫీజు లేకుండా పైకి వెళ్తారు, 2024-25 నుంచి రెలిగేషన్, అంటే అట్టడుగు జట్టు కిందికి దిగడం కూడా మొదలవుతుంది. మొదటి సగం జరిగింది, పంజాబ్, మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. రెండో సగం కాగితం మీదే ఆగింది. 2024-25లో మహమ్మడన్ ఆఖరి స్థానంలో నిలిచినా దిగలేదు.

మహమ్మడన్ ఉదాహరణ నా వాదనకు కొంత అడ్డమే. పైకి వచ్చిన జట్టు జీతాల గొడవల్లో చిక్కుకుంది, మైదానంలో చితికిపోయింది. ప్రమోషన్ ఒక్కటే మందు కాదని ఇంగ్లండ్‌లో బరీ క్లబ్ కూడా చెబుతుంది. రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన ఆ 1885 నాటి క్లబ్‌ను డబ్బు ఇబ్బందులతో 2019లో లీగ్ నుంచే బహిష్కరించారు. పైకి ఎక్కాలన్న ఆశతో తాహతుకు మించి ఖర్చు పెట్టడం తెరిచిన లీగులకు పుట్టుకతో వచ్చిన రోగం. ప్రీమియర్ లీగ్ దిగిపోయిన జట్లకు గరిష్ఠంగా మూడేళ్లు డబ్బు ఇస్తుంది. అది టీవీ ఆదాయం ఉన్నవాళ్లకు చెల్లుతుంది. మన దగ్గర 2025 జులైలో, అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో ఉన్న లీగ్ నడిపే హక్కుల ఒప్పందం ముగియబోతోందని ఐఎస్‌ఎల్ సీజన్‌నే పక్కన పెట్టారు. స్థిరత్వం కోసం మూసిన లీగ్ పరిస్థితి అది.

ఇక చట్టం సంగతి. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు తయారుచేసిన ఫెడరేషన్ రాజ్యాంగ ముసాయిదాను 2025 సెప్టెంబరు 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం కొన్ని మార్పులతో ఆమోదించింది. ఇద్దరూ తెలుగువారే. దేశంలో అగ్ర లీగ్ ఫెడరేషన్‌దే కావాలని, అందులో ప్రమోషన్, రెలిగేషన్ ఉండాలని ఆ రాజ్యాంగం చెబుతోంది. కాబట్టి ఉండాలా వద్దా అనే చర్చకు కాలం చెల్లింది.

మిగిలింది లెక్కల పని. ఒక జట్టు దిగి ఒకటి ఎక్కితే చాలదు. శ్రీనిధిలా రెండో స్థానంలో ఆగిపోయే జట్టుకు పైకి ఎక్కడానికి కనీసం ప్లే-ఆఫ్ మ్యాచ్ ఉండాలి. సీజన్ మొదలయ్యే ముందే ఏడాది జీతాలకు బ్యాంకు గ్యారంటీ చూపించమని రెండు అంచెల క్లబ్బులనూ ఒకేలా అడగాలి. దిగిన జట్టు ఆటగాళ్లను రోడ్డున పడేయకుండా కాంట్రాక్టుల్లోనే రెండో డివిజన్ జీతం ఎంతో రాసుకోవాలి. కింది అంచె మ్యాచ్‌లు జనానికి కనిపించేలా ప్రసార హక్కులను రెండు లీగులకూ కలిపి అమ్మాలి. దీనికి పెద్ద క్లబ్బుల యజమానులు ఒప్పుకోరనే అనుకుంటున్నాను, తమ వాటాలో కోత పడేది అక్కడే కాబట్టి. ఫెడరేషన్ పట్టుబట్టాల్సింది కూడా అక్కడే.