ముప్పై మూడేళ్లకు ప్రొఫెషనల్ అయిన కెప్టెన్

2022 జులై 1 నాటికి సారా గామా వయసు 33. ఇటలీ మహిళల సీనియర్ ఫుట్‌బాల్ జట్టులో అడుగుపెట్టి పదహారేళ్లు దాటింది. టురిన్ క్లబ్ యువెంటస్ కెప్టెన్‌గా వరుసగా అయిదు లీగ్ టైటిళ్లు గెలిచింది. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌కు జాతీయ జట్టును నడిపింది. ఇన్ని చేశాక, సరిగ్గా ఆ రోజున, ఆమె తన సొంత దేశంలో చట్టం ప్రకారం ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అయింది. జూన్ 30 రాత్రి వరకు ఆమె కూడా, ఇటలీ మహిళా లీగ్‌లో ఆడే మిగతా వాళ్లంతా కూడా కాగితం మీద అమెచ్యూర్లే.

గామా గురించి రాసే వాళ్లలో ఎక్కువ మంది ఆమెను ఒక ‘ప్రతీక’గా చూపించి ముగిస్తారు. నల్లజాతి తండ్రి, తెల్లజాతి తల్లి, జాతీయ జట్టు కెప్టెన్సీ, ఆమె పోలికలతో వచ్చిన బార్బీ బొమ్మ. కొత్త ఇటలీకి ఇంతకంటే మంచి పోస్టర్ ఏముంటుందని వాళ్ల లెక్క. నా అభ్యంతరం అక్కడే. పోస్టర్ అతికించడం తేలిక, జీతం చీటీ మార్చడం కష్టం. గామా కెరీర్‌లో నిజంగా విలువైన పని ఆ రెండో దాంట్లో ఉంది. ఆ పని ఫలితం మాత్రం ఆమె చేతికి అందేసరికి ఆట దాదాపు అయిపోయింది.

1989 మార్చి 27న స్లొవేనియా సరిహద్దులోని రేవు పట్టణం త్రియెస్తేలో పుట్టింది. తల్లి ఇటలీ మనిషి, తండ్రిది కాంగో. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడింది. తర్వాత ఉదీనె పక్కనున్న తవన్యాక్కో క్లబ్‌కు చేరి, ఆడుతూనే ఉదీనె విశ్వవిద్యాలయంలో విదేశీ భాషలు చదివింది. ఆ చదువును ఆమె వ్యక్తిగత అభిరుచిగా చెప్పుకోవచ్చు గానీ, ఆ తరం అమ్మాయిలకు మరో దారి లేదన్నది కూడా నిజం. ఫుట్‌బాల్ కూడు పెడుతుందని ఇటలీలో ఏ ఆడపిల్లా నమ్మి బతకలేని కాలం అది. 2008లో ఆమె కెప్టెన్సీలో అండర్-19 జట్టు ఫ్రాన్స్‌లో జరిగిన యూరోపియన్ టోర్నీ గెలిచింది. ఫైనల్లో నార్వేపై 1-0. ఆ వయసులో యూరప్ విజేత అయిన మగ కుర్రాడు ఎవరైనా ఆ వేసవిలోనే ఏజెంటును పెట్టుకుని ఉంటాడు. గామా తిరిగొచ్చింది ఉదీనె దగ్గరి చిన్న మైదానాలకే.

అసలు మెలిక 1981 నాటి 91వ నంబరు చట్టంలో ఉంది. 2023 దాకా ఇటలీ క్రీడాకారుల ఉద్యోగ హక్కులకు ఆధారం అదే. అందులో ఎక్కడా ‘మహిళలు ప్రొఫెషనల్ కాకూడదు’ అని రాసి లేదు. ఏ ఆటను, ఏ లీగ్‌ను ప్రొఫెషనల్‌గా గుర్తించాలో ఆయా క్రీడా సమాఖ్యలే తేల్చుకోవాలని వదిలేశారు, అంతే. సమాఖ్యలు పురుషుల ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు, ఇంకో రెండు మూడు ఆటలకు తలుపు తీశాయి. మహిళల లీగ్‌లలో ఒక్కదానికీ తీయలేదు. నిషేధం లేదు కాబట్టి కోర్టులో సవాలు చేయడం కష్టం. గుర్తింపు లేదు కాబట్టి ఉద్యోగ ఒప్పందం లేదు, దానితో వచ్చే పింఛను, బీమా, సెలవులు లేవు. క్లబ్ ఇచ్చేది జీతం కాదు, ‘పరిహారం’. దానికీ ఒక గరిష్ఠ పరిమితి: ఏడాదికి 30,658 యూరోలు, పన్నులకు ముందు. వివక్షను చట్టంలో రాసిపెట్టడం కంటే, ఇలా ఎవరూ ఏమీ రాయకుండా నాలుగు దశాబ్దాలు నడిపించడం ఎక్కువ తెలివైన పద్ధతని నాకనిపిస్తుంది. తప్పెవరిదంటే చూపించడానికి ఒక్క వేలు కూడా లేవదు.

మహిళల ఫుట్‌బాల్‌ను అప్పట్లో నడిపింది అమెచ్యూర్ లీగ్‌ల సంఘం. 2015లో దాని అధ్యక్షుడు ఫెలిచె బెల్లోలి ఒక సమావేశంలో, ఈ నలుగురు లెస్బియన్లకు డబ్బులివ్వడం ఇక చాలు అనే అర్థంలో మాట్లాడినట్టు మినిట్స్‌లో బయటపడింది. తాను అనలేదన్నాడు, పదవి మాత్రం పోయింది. వ్యక్తి వెళ్లాడు, సరే. మహిళల లీగ్ ఆ సంఘం చేతుల్లోంచి బయటకు రావడానికి మాత్రం 2018 దాకా పట్టింది.

ఈలోగా గామా 2013 నుంచి రెండేళ్లు ఫ్రాన్స్ క్లబ్ పారిస్ సెయింట్ జర్మన్‌లో ఆడింది. ఆమె అక్కడున్న రెండో సీజన్‌లోనే ఆ క్లబ్ మహిళల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చేరింది. మహిళల జట్టు మీద డబ్బు పెట్టే క్లబ్ లోపలి నుంచి ఎలా ఉంటుందో చూసొచ్చిన ఇటాలియన్లు అప్పటికి కొద్ది మందే. తిరిగొచ్చి బ్రెషా క్లబ్‌లో చేరి 2016లో లీగ్ గెలిచింది. 2017లో యువెంటస్, కూనియో అనే క్లబ్‌కు లీగ్‌లో ఉన్న ఆడే హక్కును కొని మహిళల జట్టు పెట్టినప్పుడు తొలి కెప్టెన్ ఆమే. మరుసటి ఏడాది యువెంటస్, బ్రెషా సమాన పాయింట్లతో నిలిచాయి. టైటిల్ తేల్చడానికి నొవారా పట్టణంలో ప్లేఆఫ్. గోల్ లేదు, పెనాల్టీల్లో యువెంటస్ గెలిచింది. నెల తిరక్కుండానే బ్రెషా లీగ్‌లో తన స్థానాన్ని ఏసీ మిలాన్‌కు అమ్ముకుని కింది స్థాయిలో మళ్లీ మొదలుపెట్టింది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. పెద్ద క్లబ్‌ల రాకతోనే మహిళల ఫుట్‌బాల్ బాగుపడిందని అందరూ అంటారు. అబద్ధం కాదు. 2019 మార్చి 24న యువెంటస్-ఫియొరెంతీనా మ్యాచ్‌కు టురిన్ పెద్ద స్టేడియంలో 39,027 మంది వచ్చారు. టికెట్ ఉచితమే, అయినా అంత మంది ఆదివారం పూట ఇల్లు కదిలి రావడం ఇటలీలో ఎవరూ చూడని సంగతి. కానీ ఈ ఆటను ఎవరూ పట్టించుకోని రోజుల్లో మోసింది బ్రెషా, తవన్యాక్కో లాంటి చిన్న క్లబ్‌లు. ఆటగాళ్లను తయారుచేసింది అవి, పేరు వచ్చింది వేరే చోట. గామా కెరీర్ పటం గీస్తే సరిగ్గా ఆ దారే కనిపిస్తుంది. ఆమెను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆటలో డబ్బు ఎటు పారిందో ఆ పటం చూపిస్తుంది, అంతే.

ఇక మైదానంలో ఆమె ఎలాంటి డిఫెండర్? ‘ప్రతీక’ గోలలో ఈ ప్రశ్నే మరుగున పడిపోయింది. బరేసి, మాల్దీని, కన్నవారో లాంటి పేరుమోసిన డిఫెండర్లు పుట్టిన దేశం అది. డిఫెండర్‌ను అక్కడ స్ట్రైకర్‌తో సమానంగా బేరీజు వేస్తారు, మగవాళ్లయితే. సెంటర్ బ్యాక్‌కు, అంటే డిఫెన్స్ మధ్యలో నిలిచే మనిషికి, గామా పెద్ద పొడగరి కాదు. కుడి అంచు డిఫెండర్‌గా (ఫుల్ బ్యాక్) ఆడిన కాళ్లు కావడంతో వేగం ఉంది. గాల్లో వచ్చే బంతి కంటే వెనక ఖాళీలోకి దూసుకొచ్చే స్ట్రైకర్‌ను ఆపడంలో ఆమె దిట్ట. డిఫెన్స్ లైను ముందుకు జరిగి నిలబడాలంటే వెనక ఇలాంటి మనిషి ఒకరుండాలి. ఆమె లోపం కూడా అక్కడే ఉంది. సొంత గోల్ ముందున్న పెనాల్టీ బాక్సులో, చోటు ఇరుకైనప్పుడు, ఆ తొందర ఎదురుతిరిగేది.

2019 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ దీనికి మంచి ఉదాహరణ. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీ మహిళల జట్టు ప్రపంచకప్‌కు వచ్చింది. వాలెన్సియెన్‌లో ఎదురుగా ఆస్ట్రేలియా. 22వ నిమిషంలో బాక్సులో సామ్ కెర్‌ను గామా పడేసింది. పెనాల్టీని గోల్‌కీపర్ లౌరా జులియాని ఆపినా, తిరిగొచ్చిన బంతిని కెర్ లోపలికి కొట్టింది. కెప్టెన్ పొరపాటుతో 0-1. అక్కడి నుంచి చాలా జట్లు కూలిపోతాయి. గామా, ఎలెనా లినారి మధ్యలో నిలబడి ఆ తర్వాత మరో గోల్ పడనివ్వలేదు. బార్బరా బొనన్సేయా ఒకటి సమం చేసి, ఇంజురీ టైమ్ అయిదో నిమిషంలో రెండోది తలతో కొట్టింది. 2-1. తర్వాత జమైకాపై 5-0. బ్రెజిల్ చేతిలో ఒక్క పెనాల్టీ గోల్‌తో ఓటమి, అయినా గ్రూపులో మొదటి స్థానం. చైనాపై 2-0. క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ ముందు కాళ్లు బరువెక్కి 0-2. బ్రెజిల్ మ్యాచ్‌ను ఇటలీలో 70 లక్షల మందికి పైగా టీవీలో చూశారు. మగవాళ్ల జట్టు 2018 ప్రపంచకప్‌కు అర్హత కూడా సాధించలేక ఇంట్లో కూర్చున్న దేశం కదా, ఆకలి మీద ఉంది.

ఆ వేసవి లేకపోతే ప్రొఫెషనల్ హోదా ఇంకెన్నేళ్లు పట్టేదో. కానీ ఆ వేసవి ఒక్కటే చాలదన్నది నా వాదన. ప్రజాదరణ వస్తుంది, పోతుంది. దాన్ని ఒక తీర్మానంగా మార్చాలంటే సమావేశం గదిలో కూర్చునే మనిషి కావాలి. 2018 నవంబరులో, ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య 120 ఏళ్ల వేడుకలో, దేశాధ్యక్షుడి నివాసమైన క్విరినాలే భవనంలో అధ్యక్షుడు సెర్జియో మత్తరెల్లా ముందు మాట్లాడింది గామా. ఇటలీ రాజ్యాంగం మూడో అధికరణం లింగం, జాతి, భాష తేడా లేకుండా పౌరులంతా సమానమంటుంది. అలా రాసిపెట్టుకున్న దేశంలో ఆ మాట గుర్తుచేయడానికి ఒక డిఫెండర్ కావాల్సి వచ్చింది. సమాఖ్య పాలకమండలిలో ఆటగాళ్ల తరఫున ఆమె కూర్చుంది. 2020లో ఆటగాళ్ల సంఘానికి ఉపాధ్యక్షురాలైంది. ఆ పదవిలో ఒక మహిళ కూర్చోవడం అదే మొదలు. అదే ఏడాది జూన్‌లో ప్రొఫెషనల్ హోదాకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, 2022 ఏప్రిల్‌లో నిబంధనలు మార్చారు. ఇటలీలో ఏ ఆటలోనైనా ప్రొఫెషనల్ హోదా దక్కిన మొదటి మహిళల లీగ్ అది. ఇదంతా ఆమె ఒక్కతే చేసిందంటే అతిశయోక్తి. రాజకీయ నాయకులున్నారు, ప్రభుత్వ సాయం ఉంది, అంతకు ముందు తరం క్రీడాకారిణుల పోరాటాలున్నాయి. అయినా శనివారం మైదానంలో, సోమవారం బల్ల ముందు, ఏళ్ల తరబడి రెండూ చేసిన వాళ్లు ఎందరు?

జాతి విషయంలో మాత్రం ఇటలీ ఆమె పేరు చెప్పి తనను తాను కాస్త సులువుగానే క్షమించుకుంది. నల్లగా ఉన్న అమ్మాయి జాతీయ జట్టు కెప్టెన్, ఇంకేం కావాలి అన్నట్టు. గామాకు పౌరసత్వం వచ్చింది తల్లి ఇటాలియన్ కావడం వల్ల, పుట్టుకతోనే. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైన పిల్లలు త్రియెస్తేలోనే పుట్టి అక్కడే చదువుకున్నా పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగాల్సిన దేశం అది. పౌరసత్వ దరఖాస్తుకు కావాల్సిన నివాస కాలాన్ని పదేళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గించాలని 2025 జూన్‌లో రెఫరెండం పెడితే, ఓటేసింది 30 శాతం చిల్లర. కోరం లేక వీగిపోయింది. యువెంటస్‌లోనే గామాతో ఆడిన ఇంగ్లండ్ స్ట్రైకర్ ఎనియోలా అలుకో 2019 చివర్లో టురిన్ వదిలి వెళ్తూ, అక్కడి దుకాణాల్లోకి వెళ్తే దొంగను చూసినట్టు చూస్తారని రాసింది. గామా కెప్టెన్‌గా ట్రోఫీలు ఎత్తుతున్న అదే ఊరు అది.

2023 ప్రపంచకప్‌కు కోచ్ మిలెనా బెర్తొలిని గామాను తీసుకోలేదు. దాని మీద పెద్ద దుమారమే రేగింది. నా మాట అడిగితే, ఆట పరంగా ఆ నిర్ణయం అన్యాయం కాదు. 34 ఏళ్ల డిఫెండర్‌కు వేగమే ఆస్తి అయినప్పుడు, తరిగేదీ ముందుగా అదే. 2022 యూరో కప్ తొలి మ్యాచ్‌లో ఫ్రాన్స్ అయిదు గోల్స్ కొట్టాక జట్టును మార్చాలని ఏ కోచైనా అనుకుంటుంది. కానీ ఎంపిక కాగితం మీద డిఫెండర్ ఒక్కతే కనబడితే చాలదు. ఆ ప్రపంచకప్‌లో స్వీడన్ చేతిలో 0-5, దక్షిణాఫ్రికా చేతిలో 2-3, గ్రూపు దశలోనే ఇంటికి. ఆ రెండు మ్యాచ్‌లలో జట్టుకు కరువైంది వేగం కాదు, పట్టు తప్పుతున్నప్పుడు నలుగురినీ దగ్గరికి లాగే గొంతు. బెర్తొలిని పదవి వదిలింది. కొత్త కోచ్ ఆంద్రెయా సొన్చిన్ హయాంలో, 2024 ఫిబ్రవరిలో, ఫ్లోరెన్స్‌లో ఐర్లండ్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌తో గామా జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పింది. మొత్తం 140 మ్యాచ్‌లు. ఆ మ్యాచ్ స్కోరు 0-0. డిఫెండర్‌కు నచ్చే స్కోరే.

ఏడాదిన్నర తిరక్కుండానే ఇటలీ 2025 యూరో సెమీఫైనల్ చేరింది, 28 ఏళ్ల తర్వాత. ఇంగ్లండ్‌పై 96వ నిమిషం దాకా ఆధిక్యంలో ఉండి అదనపు సమయంలో 1-2తో ఓడింది. ఆ జట్టులో చిన్నవాళ్లు ఆడుతున్నప్పుడే ఒప్పందం, బీమా, పింఛను చందా ఉన్న ఉద్యోగులు. క్రిస్టియానా జిరెల్లి, బొనన్సేయా, లినారి లాంటి పెద్దవాళ్లు మాత్రం గామాలాగే కెరీర్‌లో చాలా భాగం అమెచ్యూర్లుగా గడిపిన వాళ్లు. పోయిన ఏళ్ల పింఛను వాళ్లకు ఎవరూ తిరిగి కట్టరు. మొదటి డివిజన్‌కు తలుపు తెరిచారు గానీ, రెండో డివిజన్ సెరియె బి ఇప్పటికీ అమెచ్యూరే. అంటే ఒక క్లబ్ కింది డివిజన్‌కు జారితే ఓడిపోయేది మ్యాచ్‌లు మాత్రమే కాదు, ఆ క్లబ్ అమ్మాయిల ఉద్యోగ హోదా కూడా. ఆటగాళ్ల సంఘం ఇప్పుడు సమాఖ్యను నిలదీయాల్సిన సంగతి ఇదే.